సైదాబీ చేతి గ్లాసు

ఉదయగిరిలో చెక్క గరిటెను చేతిలోకి తీసుకొని, దాని వెనకవైపు బొటనవేలితో ఒకసారి తడిమి, ఇది సైదాబీ పని అని చెప్పగలవాళ్ళు ఇప్పటికీ నలుగురైదుగురు ఉన్నారు. అందరూ రెండుసార్లు గరుకు కాగితం పెట్టి వదిలేసేచోట ఆమె నాలుగుసార్లు పెడుతుంది. పప్పులో తిప్పే గరిటెకి ఇంత నునుపు దేనికమ్మా అని ఎవరైనా ఎగతాళి చేస్తే, "రుచి చూడాలంటే నోట్లో పెట్టుకునేదే. పెదవి గీరుకుంటే తిట్టేది నన్నే గదా" అంటుంది. అంతే, మళ్ళీ తల వంచుకొని రుద్దుతుంది. యాభై రెండేళ్ళ మనిషి, బక్క పలచన, చేతులు మాత్రం మగవాడి చేతుల్లా ఉంటాయి.

ఆమె వెనక పెద్ద కథేమీ లేదు. పదిహేనేళ్ళప్పుడు తల్లి పోయింది. అప్పటికి తమ్ముడు ఆసిఫ్‌కి నాలుగేళ్ళు. పెళ్ళి చేశారు, మూడేళ్ళకే భర్త లారీ కింద పడి పోయాడు, పిల్లలు లేరు. పుట్టింటికి తిరిగొచ్చి, తమ్ముణ్ణి వెంటేసుకొని, తండ్రి పక్కన కూర్చొని కొండ మీద నుంచి వచ్చే నర్ది కర్రనీ కలివి కర్రనీ స్పూన్లుగా మార్చడం నేర్చుకుంది. ఆసిఫ్‌కి అన్నం తినిపించింది, బడికి తోలింది, అబద్ధం చెబితే వీపు మీద ఒకటి వేసింది, పెళ్ళి చేసింది. పెళ్ళయ్యాక కూడా ఆ ఇంట్లోనే ఉండిపోయింది. ఆసిఫ్ భార్య సాయిరా ఆమెని ఆపా అని పిలిచేది. అత్తకీ ఆడబిడ్డకీ మధ్యలో ఎక్కడో ఉండే ఆ చోటు ఇద్దరికీ సరిపోయింది.

అందరికన్నా పెద్దవాడు అబ్దుల్ సలాం. చెక్క ముట్టుకోవడం అతనికి చిన్నప్పటి నుంచీ రాదు, మాట్లాడడం మాత్రం బాగా వచ్చు. ఆత్మకూరు బస్టాండుకి దగ్గర్లో కొట్టు పెట్టి, తమ్ముడూ చెల్లెలూ చేసినవి అమ్ముతాడు. బేరానికి వచ్చిన మనిషి వద్దనుకున్నది కూడా కొనుక్కొని, పైగా సలాం భాయ్‌కి దణ్ణం పెట్టి పోతాడు.

ఆ ఇంట్లో ఆస్తి పంపకాలు ఎన్నడూ జరగలేదు, ఆస్తి లేదు గనక. తరం నుంచి తరానికి పంచుకున్నది షుగరు ఒక్కటే. తండ్రికి నెల్లూరులో కాలు తీసేశారు. చిన్నాయన కళ్ళు పోయాయి. మేనత్త పుండు మానక చనిపోయింది. సలాంకి నలభై ఆరో ఏట వచ్చింది. ఆసిఫ్‌కి ముప్పై అయిదు కూడా నిండకముందే, ఊళ్ళో పెట్టిన మెడికల్ క్యాంపులో వేలికి సూది గుచ్చి ఉందని తేల్చారు. సైదాబీకి గుచ్చితే లేదన్నారు. ఎందుకు లేదో ఎవరూ చెప్పలేదు, ఆమె అడగనూలేదు. ఆసిఫ్ మాత్రల చీటీ తెచ్చుకొని పొద్దునా సాయంత్రం వేసుకోవడం మొదలుపెట్టాడు.

మూడేళ్ళు గడిచాక సలాం హైదరాబాదులో ఏదో ఎగ్జిబిషన్‌కి పోయి ఒక గ్లాసు పట్టుకొచ్చాడు. వేగిస చెక్కతో చేసిన గ్లాసు. అందులో సాయంత్రం నీళ్ళు పోసి ఉంచితే తెల్లారేసరికి టీ రంగుకి తిరుగుతాయి. వగరుగా ఉంటాయి. ఆ నీళ్ళు పరగడుపున తాగితే షుగరు దిగిపోతుందని అక్కడ జనం ఎగబడి కొన్నారట. "ఇట్లాటిది మనం చేయలేమారా" అన్నాడు తమ్ముడితో. చేయలేకపోవడమేం, ఆసిఫ్ లేత్ మిషన్ మీద పైరూపు తీశాడు. లోపల మెలి తిరిగిన ఉలి పెట్టి తొలిచి, నునుపు చేసింది సైదాబీ. స్పూనుకి నాలుగుసార్లు రుద్దే మనిషి గ్లాసుకి ఆరుసార్లు రుద్దింది. ఇది మందు, ఇందులో ఒక్క పేడు కూడా గొంతులోకి పోకూడదు అనుకుంది.

గ్లాసులు బాగా పోయాయి. ఆత్మకూరులోనే కాదు, కలిగిరి నుంచీ సంగం నుంచీ మనుషులు బస్సు దిగి సలాం కొట్టు అడుగుతూ వచ్చేవాళ్ళు. సలాం ప్రతి ఒక్కరికీ ఒకటే మాట చెప్పేవాడు. "మా ఇంట్లో మూడు తరాల షుగరండీ. నేను మాత్రలు మానేసి ఈ నీళ్ళే తాగుతున్నా. నన్ను చూడండి." వాళ్ళు చూసేవాళ్ళు. గుండ్రంగా, నిగనిగలాడుతూ ఉండేవాడు.

ఒక శుక్రవారం నమాజుకి ఉదయగిరి వచ్చినప్పుడు ఆ మాటే ఇంట్లోనూ అన్నాడు. ఆసిఫ్ అప్పుడే మాత్రల అట్ట చించుతున్నాడు. "ఇంకా ఆ విషం మింగుతున్నావా? కిడ్నీలు తినేస్తాయిరా అవి. గ్లాసు చేసేవాడివి నువ్వే నమ్మకపోతే, కొనేవాడు ఎందుకు నమ్మతాడు?"

"నిజంగా నువ్వు మానేసినావా అన్నా?" అన్నాడు ఆసిఫ్.

"నాయన మీద ఒట్టురా."

పోయిన తండ్రి మీద ఒట్టు. ఆ మాట పడ్డప్పుడు సైదాబీ గుమ్మంలో కూర్చొని గ్లాసు లోపల గరుకు కాగితం తిప్పుతోంది. పెద్దన్న తండ్రి మీద ఒట్టు పెట్టి అబద్ధం ఆడతాడని ఏ చెల్లెలు అనుకుంటుంది? ఆసిఫ్ ఆ వారమే మాత్రలు మానేశాడు. సైదాబీ ఆనాటి నుంచి పొద్దున్నే లేచి, తాను చేసిన వాటిల్లోకెల్లా మంచి గ్లాసులో నీళ్ళు తమ్ముడి చేతికిచ్చి, మిగిలింది తనూ ఒక గుక్క తాగేది. "నాకు షుగరు రాలా, చూసినావా" అనేది గర్వంగా. నిజమే, ఆమెకి రాలేదు. అది గ్లాసు గొప్పతనమే అనుకుంది పిచ్చిది.

రెండో కరోనా వచ్చిన సంవత్సరం రంజాను ఎండల్లో పడింది. ఆసిఫ్ ఉపవాసాలున్నాడు, బాగా చిక్కాడు. పండగనాడు సలాం ఆత్మకూరు నుంచి వచ్చి అందరితో కలిసి భోంచేశాడు. చిన్నగా దగ్గుతున్నాడు, ఏసీ పడలేదన్నాడు. మూడో రోజుకి ఇంటిల్లిపాదికీ జ్వరం. సైదాబీకి ఒళ్ళు నొప్పులతో పోయింది. సాయిరా లేచి తిరగగలిగింది. ఆసిఫ్ మాత్రం గోడకి ఆనుకొని కూర్చొని, మాటకీ మాటకీ మధ్య గాలి కోసం వెతుక్కోవడం మొదలుపెట్టాడు.

అంబులెన్సులు ఎక్కడున్నాయో ఆ రోజుల్లో ఎవరికీ తెలియదు. పక్కవీధి మాలకొండయ్య తన ఆటోలో ఎక్కించుకున్నాడు, మూతికి తువ్వాలు కట్టుకొని, దారంతా ఒక్క మాట మాట్లాడకుండా. వెనక సీట్లో సాయిరా, ఆమె ఒళ్ళో ఆసిఫ్ తల, కాళ్ళ దగ్గర సైదాబీ. ఆత్మకూరులో కొత్తగా తెరిచిన కోవిడ్ వార్డు గేటు దగ్గర ఆపారు. పేషెంటుతో ఒక్కరే రావాలన్నారు. సాయిరాకి ఇంకా జ్వరం ఉంది గనక ఆటోలోనే ఉండమని చెప్పి సైదాబీ దిగింది. అంతలో ఫోను మోగింది. సలాం.

"సైదా, లోపల అడుగుతారు. షుగరు ఉండాదని మాత్రం చెప్పబాకు."

"ఎందుకు భయ్యా?"

"షుగరున్నోళ్ళని చేర్చుకోడం లేదంట. ఎట్లాగూ బతకరని నెల్లూరు పొమ్మంటున్నారంట. నెల్లూరు దాకా వాడు ఆగుతాడా? అయినా తగ్గిపోయినదాన్ని ఉండాదని చెప్పడమేంది? గ్లాసులు చేసే ఇంట్లోనే షుగరంట అని రేపు ఊరంతా పాకతాది. నీ చేతి పని నువ్వే నమ్మవా?"

లోపల ప్లాస్టిక్ దుస్తుల్లో ఒక డాక్టరమ్మ, నిరోష అని గుండెల మీద పెన్నుతో రాసుకుంది, రాస్తూ అడుగుతోంది. వయసు? నలభై ఒకటి. జ్వరం ఎన్నాళ్ళు? అయిదు రోజులు. బీపీ ఉందా? లేదు. షుగరు ఉందా?

సైదాబీ తమ్ముడి వైపు చూసింది. స్ట్రెచర్ మీద ఆసిఫ్ కళ్ళు మూసుకొని ఉన్నాడు.

"లేదమ్మా" అంది.

ఆమెకి అది అబద్ధంగా కూడా తోచలేదు. పాపం, అది చెప్పాలి. మూడేళ్ళు తన చేత్తో తాగించింది, తగ్గిపోయిందనే నమ్మింది. డాక్టరమ్మ లేదు అని రాసుకొని తర్వాతి మనిషి దగ్గరికి పోయింది. అప్పుడు ఆ వరండాలో స్ట్రెచర్లు ఒకదాని వెనక ఒకటి ఆగి ఉన్నాయి. షుగరు ఉందన్నవాళ్ళకి ముందు రక్తం చూస్తున్నారు, లేదన్నవాళ్ళకి తర్వాత. ఆసిఫ్‌కి ఆక్సిజన్ పెట్టారు, ఊపిరితిత్తుల వాపుకి స్టెరాయిడ్ మొదలుపెట్టారు. సైదాబీ బయట చెట్టు కింద చాప వేసుకుంది. రోజూ పొద్దున వార్డు ఊడ్చే పెంచలమ్మని బతిమాలి, గ్లాసులో నానబెట్టిన టీ రంగు నీళ్ళు చిన్న సీసాలో పోసి లోపలికి పంపింది. తమ్ముడికి మందుతోపాటు మందు అనుకుంది.

మూడో రోజు డాక్టరమ్మ బయటికి వచ్చి ఆసిఫ్ వాళ్ళెవరు అని కేకేసింది. రక్తం చూశారట. మిషను అంకె కూడా చూపించలేదు, ఎక్కువ అని మాత్రం చూపించింది.

"షుగరు లేదని ఎవరమ్మా చెప్పింది?" అంది. తిట్టలేదు. తిట్టడానికి ఓపిక ఉన్నట్టు కూడా లేదు. డాక్టరమ్మ సైదాబీ మొహం చూసి, వెనక్కి తిరిగి లోపలికి పోయింది. ఆనాటి నుంచి ఇన్సులిన్ ఇచ్చారు. అప్పటికే ఊపిరితిత్తులు పాడయ్యాయి, పైన ఇంకేదో ఇన్ఫెక్షన్ చేరింది. తొమ్మిదో రోజు ఆసిఫ్ పోయాడు. శవాన్ని ఇంటికి తీసుకురానివ్వలేదు. ముక్కూ మొహం కనబడని నలుగురు మనుషులు దింపి మట్టి చేశారు. చిన్నప్పుడు వేలు పట్టుకొని నడిపించిన పిల్లవాణ్ణి సైదాబీ కబరస్తాను గోడ బయట నిలబడి సాగనంపింది.

సలాం రాలేదు. తనకీ కరోనానే, ఇంట్లోనే పడున్నాను, గ్లాసు నీళ్ళ మీదే లేచాను అని ఫోనులో చెప్పాడు. యాభై ఏడేళ్ళ మనిషి బతికి బయటపడ్డాడంటే అది గ్లాసు వల్లే కాబోలని సైదాబీ అనుకుంది. మరి ఆసిఫ్‌కి ఎందుకు పనిచేయలేదు? తన చేతి పనిలో ఏం లోపం జరిగింది? సాయిరా నిద్రపోయే మధ్యాహ్నాల్లో తమ్ముడి గ్లాసు ఒళ్ళో పెట్టుకొని వేలు లోపల పెట్టి తడిమి చూసుకునేది. ఎక్కడా గరుకు తగల్లేదు.

సాయిరా మాత్రం డాక్టర్లని తిట్టేది. షుగరున్న మనిషికి షుగరు పెంచే మందిచ్చి చంపేశారు అని వీధిలో ఎవరు పలకరిస్తే వాళ్ళకి చెప్పేది. సైదాబీ ఆ మాట వినబడితే లేచి లోపలికి పోయేది. నేనే లేదని చెప్పాను అన్న మాట గొంతు దాకా వచ్చేది, బయటికి వచ్చేది కాదు. ఈ ఇంట్లో తప్ప ఆమెకి తల దాచుకునే చోటు లేదు. చెబితే ఉంటుందో ఊడుతుందో తెలియదు.

ఆగస్టులో సలాం ఫోను చేశాడు. వాళ్ళని ఊరికే వదలకూడదు, కలెక్టరుకి అర్జీ రాయించాను, షుగరు ఉందని చెప్పినా పట్టించుకోలేదని రాశాను, లోపలికి పోయింది నువ్వు గనక సంతకం నువ్వే పెట్టాలి, వచ్చి పో అన్నాడు.

"నేను చెప్పలేదు గదా భయ్యా. నువ్వే వద్దన్నావు."

"అది నీకూ నాకూ తెలుసు. వాళ్ళకేం తెలుసు?"

సైదాబీ ఆత్మకూరు బస్సెక్కింది. సలాం ఇంటికి పోతే అతను కొట్టులో ఉన్నాడు. వదిన గుమ్మం దగ్గరే అర్జీ కాగితం, దాంతోపాటు మందుల కాగితాల కవరు చేతికిచ్చింది. "ఆసిఫ్ కాగితాలు ఇందులోనే పెట్టినాడంట. ఆస్పత్రిలో జిరాక్సు మీద ముద్ర వేయించుకొని, కొట్టు దగ్గరికి పోయి సంతకం పెట్టమన్నాడు" అంది. పొయ్యి మీద ఏదో మాడుతోందని లోపలికి పరిగెత్తింది. ఆ తొందరలో ఏ కవరు ఇచ్చిందో చూసుకోలేదు.

వార్డు ఇప్పుడు ఖాళీగా ఉంది. డాక్టరమ్మ ప్లాస్టిక్ దుస్తులు లేకుండా చిన్నపిల్లలా కనబడింది. సైదాబీని గుర్తుపట్టింది, కుర్చీ చూపించింది. కవరు తెరిచి కాగితాలు తిరగేసింది.

"ఇవి మీ తమ్ముడివి కాదమ్మా. అబ్దుల్ సలాం ఎవరు?"

"మా అన్న."

"నెల్లూరులో చేరినాడే ఈయన. మీ తమ్ముడు ఇక్కడ చేరిన మర్నాడే."

"లేదమ్మా, ఆయన ఇంట్లోనే ఉన్నాడు. మందులు వాడడు ఆయన."

డాక్టరమ్మ కాగితం మళ్ళీ చూసింది. చదవనా వద్దా అన్నట్టు ఆగి, చదివింది. పదకొండేళ్ళుగా షుగరు. ఏడేళ్ళుగా మాత్రలతోపాటు ఇన్సులిన్ ఇంజెక్షన్. మూడు నెలల సగటు ఆరు పాయింట్ తొమ్మిది. "చాలా బాగా అదుపులో పెట్టుకున్నాడు. అందుకే ఆరు రోజుల్లో ఇంటికి పోయినాడు" అంది.

ఏడేళ్ళు. సైదాబీ వేళ్ళు మడిచి లెక్క పెట్టుకుంది. గ్లాసు తెచ్చి మూడేళ్ళు. నాయన మీద ఒట్టు పెట్టినరోజు పొద్దున కూడా సూది వేసుకొనే బస్సెక్కి ఉంటాడు.

"ఒక నాయన బిడ్డలే గదమ్మా ఇద్దరూ" అంది చివరికి. "పెద్దోడు బతికినాడు, చిన్నోడు ఎట్లా పోయినాడు?"

డాక్టరమ్మ కుర్చీ ముందుకి జరుపుకుంది. "మీ ఇంట్లో షుగరు రక్తంలో దిగి వస్తా ఉంది. అందరికీ ఒకేలా దిగదు. మీకు దిగకపోయుంటే అది మీ అదృష్టం, అయినా ఏటా చూపించుకోండి. మీ అన్నదమ్ములకి దిగింది. అది ఎవరి చేతిలోనూ లేదు. కానీ వైరస్ వచ్చినప్పుడు షుగరు ఎక్కువ ఉన్న ఒళ్ళు దాంతో పోరాడలేదు. పైగా మేమిచ్చే మందు షుగర్ని ఇంకా పైకి లేపుతాది. ఉందని తెలిస్తే మొదటి పూట నుంచే ఇన్సులిన్ పెట్టుకుంటా ఇస్తాం. మీ అన్నకి నెల్లూరులో అట్లాగే ఇచ్చినారు. రోజుకి నాలుగుసార్లు."

"ఆ రోజు నేను చెప్పుంటే బతికేవాడా?"

"బతికేవాడని చెప్పలేనమ్మా. అవకాశం ఉండేది."

"షుగరుందని చెబితే మీరు చేర్చుకోరన్నారే."

"ఎవరన్నారు?" అంది డాక్టరమ్మ. "మా వార్డులో సగం మంది షుగరోళ్ళే."

సైదాబీ లేచి నిలబడింది. అర్జీ కాగితం మడిచి జాకెట్టులో పెట్టుకుంది, అన్న కవరు చంకలో పెట్టుకుంది, ఎండలో బస్టాండు వైపు నడిచింది. దుఃఖం లేదు, ఒట్టి మంట. జీవితంలో మొదటిసారి ఎవరినో చెంప పగలగొట్టాలని అనిపించింది. ఆ ఎవరో తన తోడబుట్టినవాడు కావడం ఆమెని మరీ మండించింది.

కొట్టులో బేరం ఉంది. చేజర్ల నుంచి చెంచురామయ్య అనే రైతు, అరవై దాటిన మనిషి, వేగిస గ్లాసు చేతిలో పట్టుకొని తిప్పి చూస్తున్నాడు. సలాం చెల్లెల్ని చూడగానే మొహం వెలిగించుకున్నాడు.

"అడగండి రెడ్డిగారూ, ఇదిగో చేసిన మనిషే వచ్చింది."

చెంచురామయ్య మర్యాదగా తిరిగాడు. "ఏమ్మా, పనిచేస్తాదా ఇది? రోజుకి మూడు మాత్రలు మింగలేక చస్తున్నా."

సైదాబీ గ్లాసు అతని చేతిలోంచి తీసుకొని, లోపల ఒకసారి వేలు పెట్టి చూసింది. "నా పనే అయ్యా. పనిలో లోపం లేదు" అంది. "మా తమ్ముడు మాత్రలు మానేసి మూడేళ్ళు ఇందులో తాగినాడు. కరోనా వస్తే తొమ్మిది దినాలకి పోయినాడు. మా అన్న ఏడేళ్ళుగా సూది వేసుకుంటా ఇది అమ్ముతున్నాడు. ఆయన బాగుండాడు, చూడండి. మీరు మాత్రలు మానబాకండి."

చెంచురామయ్య ఇద్దరి మొహాలూ చూశాడు. తువ్వాలుతో చెయ్యి తుడుచుకొని మెట్లు దిగి పోయాడు. సలాం లేచి కొట్టు షట్టరు సగానికి దించాడు.

"పిచ్చి పట్టిందా నీకు?"

సైదాబీ కవరు బల్ల మీద పడేసింది. సలాం దాన్ని చూశాడు. తీసి సొరుగులో పడేశాడు.

"నేను మానమంటే మానేదానికి వాడేమన్నా పాలు తాగే బిడ్డా? ఒక పక్క మాత్ర వేసుకుంటా ఒక పక్క గ్లాసు తాగితే నేనొద్దన్నానా?"

"నాయన మీద ఒట్టు పెట్టినావు."

"వ్యాపారంలో వంద అంటాం. ఆ గ్లాసుల మీదే గదా మీరు ముగ్గురూ తిన్నది."

"చేర్చుకోరని చెప్పినావు. మర్నాడే నువ్వు నెల్లూరు పోయి షుగరుందని రాయించుకున్నావు. రోజుకి నాలుగు సూదులు పొడిపించుకున్నావు. ఆ నాలుగు సూదుల్లో ఒక్కదాని మాట ఫోను చేసి చెప్పడానికి నీకు నోరు రాలేదా భయ్యా? వాడు మూడు రోజులు అట్లా పడున్నాడు."

సలాం మెల్లగా, చాలా మెత్తగా అన్నాడు. "నేను ఫోనులో ఏమైనా అంటాను సైదా. డాక్టరు ముందు నిలబడి లేదన్న నోరు నీది."

ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. అన్నకి అది తెలుసు. చిన్నప్పటి నుంచీ ఎవరికి ఏ మాట ఎక్కడ తగులుతుందో తెలిసిన మనిషే. సైదాబీ షట్టరు కింద నుంచి వంగి బయటికి వచ్చింది. వెనక నుంచి అర్జీ అర్జీ అని పిలుస్తున్నా ఆగలేదు.

ఉదయగిరి బస్సులో కిటికీ పక్కన కూర్చొని ఆమె ఒకటే అనుకుంది. సాయిరాకి చెప్పాలి. ఇంట్లోంచి పొమ్మంటే పోవాలి. అన్న కుట్ర ఒక ఎత్తు, తన నోటి మాట ఒక ఎత్తు, రెండూ దాచకుండా చెప్పాలి. డాక్టరమ్మని ఇంక ఒక్క మాట అననివ్వకూడదు.

ఇంటికి చేరేసరికి పొద్దు వాలుతోంది. సాయిరా పంచలో కూర్చొని స్పూన్లకి ఆకురాయి పెడుతోంది. సైదాబీ చెప్పులు కూడా విడవకుండా ఎదురుగా కూర్చొని చెప్పింది. సలాం ఇన్సులిన్ సంగతి, నెల్లూరు ఆస్పత్రి, గేటు దగ్గర వచ్చిన ఫోను. చివర తన సంగతి.

"షుగరుండాదా అని ఆ యమ్మ నన్నే అడిగింది సాయిరా. నేనే లేదన్నాను. తగ్గిపోయిందనే అనుకున్నా. నన్ను ఏమన్నా అను, పడతాను."

సాయిరా ఆకురాయి కింద పెట్టింది. కోపంగా లేదు ఆమె మొహం. భయపడ్డట్టుగా ఉంది.

"నేను ఆటోలోనే ఉన్నాను గదా ఆపా" అంది. "పది అడుగులు. పిలిచి అడిగుంటే చెప్పేదాన్ని."

"ఏం చెప్పేదానివి?"

"తగ్గలేదని. రంజానుకి ముందు కలిగిరి పోయినప్పుడు చూపించుకున్నాడు. మూడు వందల ఎనభై ఉండాది. మాత్రలు మళ్ళీ రాసిచ్చినారు. పండగ పోయినాక మొదలుపెడతానన్నాడు. ఆ చీటీ ఇంకా బీరువాలోనే ఉండాది."

"నాకెందుకు చెప్పలేదు?"

సాయిరా తల వంచుకుంది. "చెప్పొద్దన్నాడు. అక్క ఆరుసార్లు రుద్ది చేసిన గ్లాసు, పనిచేయలేదని తెలిస్తే తట్టుకోలేదు అన్నాడు. రోజూ పొద్దున నువ్వు ఇచ్చే నీళ్ళు తాగి, బాగుండాదక్కా, ఒళ్ళు తేలిగ్గా ఉండాది అనేవాడే, అదంతా నీ కోసం చెప్పిన మాటే."

అన్న మోసం చేస్తే తిట్టడానికి మనిషి ఎదురుగా ఉన్నాడు. వీణ్ణి ఏం చేయాలి? తాను తినిపించి పెంచిన పిల్లవాడు, తన మనసు కష్టపెట్టకూడదని ప్రతి పొద్దునా తన మొహంలోకి నవ్వుతూ అబద్ధం ఆడి, ఆ అబద్ధంతోనే పోయాడు. సైదాబీకి వాడి మీద పట్టరాని కోపం వచ్చింది. సలాం మీద వచ్చినదానికన్నా ఎక్కువ వచ్చింది.

"నాకు చెప్పుంటే నేను ఆ డాక్టరమ్మకి చెప్పేదాన్ని గదా" అంది.

సాయిరా లేచి, బీరువాలోంచి ఆ చీటీ తెచ్చి ఆమె చేతిలో పెట్టింది.